దోసిట్లో నీళ్లు, చేతికి చెంబు

పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మా పల్నాట అందరూ అనే మాట ఒకటుంది: "మాది విలువలున్న కుటుంబమండీ." ఆస్తి చెప్పేటప్పుడు ఎకరాలు, సర్వే నంబర్లతో సహా చెబుతాం. చదువు చెప్పేటప్పుడు కాలేజీ పేరు, మార్కులు చెబుతాం. విలువల దగ్గరికి వచ్చేసరికి ఒక్క ఆనవాలు కూడా చెప్పం. ఆ విలువలు ఇంట్లో ఏ పూట, ఎవరి చేతిమీదుగా, ఏ పనిలో కనిపిస్తాయో ఎదుటివాళ్లూ అడగరు. ముప్ఫై ఏళ్లకు పైగా వినుకొండ చుట్టుపక్కల బళ్లలో తెలుగు చెప్పి, మిగతా పొద్దంతా మిర్చి, పత్తి వేసే ఇంటి కోడలిగా గడిపిన నాకు ఆ ప్రశ్న అడగాలని ఎప్పటినుంచో ఉంది. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. మా ఊళ్లో పుట్టిన ఒక ఆడపిల్ల జీవితంలోనే అది దొరుకుతుంది.

ఆవిడ హేమలత. 1932లో వినుకొండలో పుట్టారు. మహాకవి గుర్రం జాషువా గారి కూతురు. జాషువా గారి గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? 1895 సెప్టెంబరు 28న పుట్టారు. ఊరు వినుకొండ దగ్గర చాట్రగడ్డపాడు. తండ్రి వీరయ్యది యాదవ కులం, తల్లి లింగమ్మది మాదిగ కులం. ఆ రోజుల్లో ఆ పెళ్లి ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు. బళ్లో, వీధిలో, చివరికి కవుల సభలో కూడా ఆ పిల్లవాడికి అవమానాలే ఎదురయ్యాయి. వినుకొండలోనే కొప్పరపు కవుల అవధానం జరిగినప్పుడు తాను రాసిన పద్యాలు చదివిన జాషువాను, అంటరానివాణ్ణి సభలోకి ఎలా రానిచ్చారని కొందరు నిలదీశారు. అటు క్రైస్తవ పెద్దలకేమో హిందూ పురాణగాథల మీద కావ్యాలు రాస్తున్నాడని కోపం. ఆ మనిషే 1932లో ఫిరదౌసి, 1941లో గబ్బిలం ఇచ్చాడు. గుళ్లోకి తాను పోలేడు గనుక తన గోడు శివుడికి చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపే పేదవాడి కథ అది. మా ఊరి నెత్తినే రామలింగేశ్వరుడి కొండ ఉంటుంది. తొలి ఏకాదశి తిరనాళ్లకు జనం ఇసకేస్తే రాలనంతగా ఎక్కుతారు. ఆ కొండను చూసినప్పుడల్లా నాకు ఆ గబ్బిలమే గుర్తొస్తుంది.

చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు తన చేత్తో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది. ఇవన్నీ పాఠాల్లో ఉన్నాయి, పిల్లలచేత నేనే బట్టీ పట్టించాను. పాఠంలో లేనిది, నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది, ఆయన రాసినదాన్ని ఆయన ఇంటి మనుషులు ఏం చేశారన్నది. పద్యం చదివి చప్పట్లు కొట్టడం లోకంలో అందరూ చేస్తారు. ఆ పద్యం సంగతిని ఇంట్లోకి తెచ్చుకుని, అక్కణ్నుంచి మళ్లీ ఊళ్లోకి తీసుకుపోయిన మనిషి హేమలత గారు. 1960లో ఆవిడ గోపరాజు లవణం గారిని పెళ్లి చేసుకున్నారు. అంటే నాస్తికోద్యమం నడిపిన గోరా గారింటికి కోడలయ్యారు. ఆవిడ అడుగుపెట్టిన ఆ ఇల్లు ఎలాంటిదో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే విలువలను రోజువారీ పనుల్లోకి దింపడం ఎలాగో తెలుగునాట ఆ ఇంట్లో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. 1902లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు, వృక్షశాస్త్రం చదువుకున్నారు. 1928లో జంధ్యం తీసేశారని తండ్రి ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నారు. కాలేజీల్లో లెక్చరర్ ఉద్యోగాలు కూడా ఆయన అభిప్రాయాల కారణంగానే పోయాయి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. ఆయన నాస్తికత్వంతో అందరూ ఏకీభవించక్కర్లేదు. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. అయినా ఆ ఇంటివాళ్లు తాము నమ్మినదాన్ని ఎక్కడెక్కడ ఆచరణలో పెట్టారో చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పిల్లల పేర్లతోనే మొదలుపెట్టారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు. తొమ్మిదో సంతానంగా పుట్టిన ఆడపిల్లకు నౌ అన్నారు. మన పత్రికల్లో ఆరోగ్య సలహాలు రాసి ఇంటింటికీ తెలిసిన డాక్టర్ సమరం గారూ ఆ ఇంటి బిడ్డే. పేరు వింటే ఏ కులమో, ఏ దేవుడో తెలియదు. పిల్లవాణ్ణి ఎవరు పిలిచినా ఆ ఇల్లు నమ్మిన సంగతే వినపడుతుంది. ఆ తర్వాత భోజనం. పౌర్ణమి రోజుల్లో కులాలతో పనిలేకుండా అందరినీ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టేవారు. ఏడాదికోసారి గాంధీ జయంతి నాడు చేసి ఫొటో దిగే పని కాదది, నెలనెలా చేసే పని. నెలనెలా వచ్చేసరికి ఇంట్లో పిల్లలకది వింతగా ఉండదు. పౌర్ణమి అంటే బంతి అనే వాళ్లకు తెలుసు.

ఆ తర్వాత పెళ్లి. పెద్దమ్మాయి మనోరమకు అర్జునరావు అనే దళిత యువకుడితో సంబంధం నిశ్చయించారు. గాంధీ గారు అప్పటికే ఒక పట్టు పట్టి ఉన్నారు: ఇద్దరిలో ఒకరు హరిజనులైతే తప్ప ఆ పెళ్లికి తన ఆశీస్సులుండవని. ఈ పెళ్లి తానే సేవాగ్రాంలో జరిపిస్తానన్నారు. అర్జునరావును ముందుగా ఆశ్రమంలో ఉండి పని నేర్చుకోమన్నారు. గోరా గారిది ఇంకో చిక్కు. దేవుడి పేరుతో ప్రమాణం చేయడం ఆయన ఒప్పుకోరు. గాంధీ గారు ఆలోచించి, దేవుడి పేరు ఉండే చోట సత్యం పేరు పెట్టుకోవచ్చన్నారు. ఇంతలో 1948 జనవరి 30న గాంధీ గారు హత్యకు గురయ్యారు. అయినా పెళ్లి ఆగలేదు, ఆ ఏడాదే సేవాగ్రాంలో జరిగింది. ఒక పరమ ఆస్తికుడు, ఒక పరమ నాస్తికుడు ఒక ఆడపిల్ల పెళ్లి దగ్గర ఒకరికొకరు చోటిచ్చుకున్నారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న విలువ ఏమిటో తేలింది గనుకే మిగతా తేడాలు సర్దుకోగలిగారు. ఉమ్మడి విలువ అంటే నాకు అర్థమైనంతవరకు ఇదే. ఇంట్లో అందరూ అన్నిట్లో ఒకేలా అనుకోవాలని లేదు. అందరూ కలిసి చేసే పని ఒకటుంటే చాలు.

ఈ కథలో సరస్వతి గోరా గారిని వదిలేస్తే అన్యాయం. ఆవిడా సెప్టెంబరు 28నే పుట్టారు, జాషువా గారి తర్వాత పదిహేడేళ్లకు, 1912లో. పదేళ్లకే పెళ్లయింది. కడుపుతో ఉండగా గ్రహణం చూడకూడదని పెద్దలు గదిలో కూర్చోబెట్టే రోజుల్లో ఆవిడ బయటికి వచ్చి గ్రహణం చూశారు. జంధ్యం తీసేసిన భర్తతో కలిసి అత్తవారింటి గడప దాటారు. స్వాతంత్ర్య పోరాటంలో చంటిబిడ్డను వెంటపెట్టుకుని జైలుకు వెళ్లారు. నెలనెలా వచ్చే ఆ బంతుల వెనక వంటింటి పొగ ఎంత ఉంటుందో వండినవాళ్లకే తెలుస్తుంది. మగవాళ్లు ఆదర్శం ప్రకటిస్తారు, దాని బరువు చాలా ఇళ్లలో ఆడవాళ్ల మీద పడుతుంది. అలాంటి చోట అది కుటుంబం విలువ కాదు, ఒకరి విలువ, ఇంకొకరి వెట్టి. సరస్వతి గారిది భర్త చెప్పాడని మోసిన బరువు కాదు. ఆవిడ తనకు తానుగా నమ్మారు. ఆయన 1975లో పోయాక కూడా ముప్ఫై ఏళ్లకు పైగా, 2006లో కన్నుమూసేదాకా, ఆ పని నడిపించారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మాది గోరా గారిల్లు అంత పెద్ద పేరున్న ఇల్లు కాదు. కొన్ని ఎకరాల మిరప, కొంత పత్తి, నాలుగు గేదెలు. మా ఇంట్లో ఒక విలువ ఆచారంగా ఎలా మారిందో నేను కళ్లారా చూశాను.

మిరప కోత చూడనివాళ్లకు ఒక మాట. పైరు ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతాం. సంక్రాంతి దాటాక కోతలు జోరందుకుంటాయి. పొద్దున్నే మేస్త్రి వెంట ముఠా దిగుతుంది. అందరూ ఆడవాళ్లే. తలకూ ముఖానికీ గుడ్డ చుట్టుకుంటారు, నడుముకు ఒడి కట్టుకుంటారు. వంగి, ఒక్కో పండుకాయా తొడిమతో సహా తుంచి ఒళ్లో వేసుకుంటూ సాలు వెంట సాగుతారు. మధ్యాహ్నానికి చేతులు ఎర్రబడి మంట మొదలవుతుంది. ఆ మంట నీళ్లతో పోదు. మజ్జిగ రాసుకుంటారు, కొబ్బరినూనె రాసుకుంటారు, రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి రాదు. తేజ రకం వచ్చాక ఆ మంట ఇంకా పెరిగింది. కంట్లో నలక పడినా తుడుచుకోవడానికి లేదు, మోచేత్తో ఒత్తుకోవాల్సిందే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఆడవాళ్లకు మంచినీళ్లు ఎలా పోసేవాళ్లంటే, వాళ్లు దోసిలి పట్టేవాళ్లు, గట్టు మీద నిలబడ్డ మనిషి చెంబు పైకెత్తి ధార పోసేవాడు. చెంబు వాళ్ల చేతికి తగలకూడదు. ఊరంతా అదే పద్ధతి. ఒకరోజు మా అత్తయ్య చేలోకి వచ్చింది. ఒక ముసలమ్మ దోసిలి పట్టి తాగి, పెదాలు కొంగుతో అదుముకుంటూ పక్కకు తిరిగింది. కాయలు కోసిన అరచేతుల్లో పోసిన నీళ్లు, అవే నోట్లోకి పోతున్నాయి. కారం పెదాలకూ నాలుకకూ అంటుకుంటోంది. దాహం తీర్చుకోవడానికి తాగే నీళ్లే మండిస్తున్నాయి. అత్తయ్య కాసేపు చూసి, పోసే మనిషి చేతిలోంచి చెంబు తీసుకుంది. ఆ ముసలమ్మ చేతికే ఇచ్చి, "ఇంకాసిని తాగు పెద్దమ్మా, చెంబుతో తాగు" అంది. ఆవిడ తీసుకోవడానికి జంకింది. "నా చేతులు కారంగా ఉన్నయ్యమ్మా, చెంబుకు అంటుద్ది" అని ఆవిడే సాకు వెతికింది. "అంటితే కడుక్కుంటాంలే" అంది అత్తయ్య.

మా అత్తయ్య చదువుకున్న మనిషి కాదు. జాషువా పేరు తెలుసు, పద్యం తెలియదు. ఆ రోజు చేసింది జాలితో చేసిందని ఎవరైనా అనొచ్చు. తర్వాత చేసినది మాత్రం జాలి కాదు, ఆలోచించి చేసిన పని. ఇంట్లో కూలీల కోసం పశువుల కొట్టం చూరులో సత్తు పళ్లేలు, సత్తు గ్లాసులు విడిగా దోపి ఉండేవి. అవి తీయించి చింతపండుతో తోమించి, వంటింటి అలమరలో మా పళ్లేలతో పాటే బోర్లించింది. స్టీలు సామాను కొన్నప్పుడు కూడా అన్నీ ఒకే రకం కొన్నది. ఏ పళ్లెం ఎవరిదో, ఏ గ్లాసులో నిన్న ఎవరు తాగారో ఆనవాలు దొరక్కుండా కలిపేసింది. ఎవరైనా మళ్లీ వేరు చేద్దామన్నా వీల్లేకుండా చేసింది. నా ఉద్దేశంలో ఉపన్యాసం కన్నా పదిరెట్లు బలమైనది ఆ అలమర. విలువను పూటపూటా గుర్తుపెట్టుకుని పాటించాల్సిన అవసరం లేకుండా, పాటించకుండా ఉండడమే కష్టమయ్యేలా ఇల్లు సర్దుకోవాలి.

దీనికి ఖర్చు పడింది. మా మామయ్య గారి చిన్నతమ్ముడు మా ఇంట్లో మంచినీళ్లు ముట్టడం మానేశారు. అరుగు మీద కూర్చునేవారు, మాట్లాడేవారు, మందులకు డబ్బు కావాలంటే అడిగేవారు, లోపలికి వచ్చి విస్తరి ముందు కూర్చునేవారు కాదు. అత్తయ్య ప్రతి పండగకూ, "రా మరిదీ, నాలుగు మెతుకులు తినిపో" అని పిలిచేది. ఆయన రాకపోయినా పిలవడం మానలేదు. గ్లాసులు వేరు చేయడానికీ ఒప్పుకోలేదు. ఆ రెండూ కలిసి చేయడం ఎంత కష్టమో ఇప్పుడు, నా వయసులో, నాకు బాగా తెలుస్తోంది. విలువ కోసం బంధువును తెంచుకోవడం తేలిక. బంధువు కోసం విలువను వదిలేయడం ఇంకా తేలిక.

అదే రోజుల్లో, 1985 జూలై 17న, మాకు ఎంతో దూరం లేని కారంచేడులో దళితుల మీద దాడి జరిగింది. దానికి మొదలు మంచినీళ్ల చెరువు దగ్గర. దళితులు తాగునీరు పట్టుకునే చెరువును మురికి చేయడాన్ని ఒకావిడ అడ్డుకున్నందుకు అంత ఘోరం జరిగింది. అంటరానితనం నిషేధమని రాజ్యాంగం 17వ అధికరణంలో రాసుకున్న ముప్ఫై అయిదేళ్లకు సంగతి ఇది. ఆ వార్త వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మా ఆయన మాత్రం ఆ సాయంత్రం పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని ఒక కట్టడి చేశారు: పల్లె నుంచి వచ్చే పెద్దవాళ్లను "ఏమే", "ఒరే" అని ఈ ఇంట్లో ఎవరూ పిలవకూడదు. బాబాయి, పెద్దమ్మ, అక్క, ఏ వరస కుదిరితే ఆ వరస. మా వైపు పదేళ్ల పిల్లవాడు అరవై ఏళ్ల పాలేరును "ఒరే" అని పిలవడం మామూలు సంగతి అప్పట్లో. మా పిల్లలు "బాబాయి" అంటుంటే బజారులో నవ్వినవాళ్లున్నారు. పిల్లలకు నవ్వులు పడవు కదా, ఒకట్రెండుసార్లు ఇంటికొచ్చి ఏడ్చారు. మా ఆయన కట్టడి సడలించలేదు. తానూ అలాగే పిలిచేవారు గనుక పిల్లలకు ఎదురు చెప్పడానికి నోరు రాలేదు.

ముఠాకు అన్నం మేమే పెట్టే రోజుల్లో ఇరవై మందికి పైగా వండాల్సి వచ్చేది. సరస్వతి గారి గురించి నేను పైన రాసినది అనుభవంతోనే రాశాను. గోంగూర పచ్చడి, పప్పు, మజ్జిగ, ఇవైనా అంతమందికంటే పెద్ద గుండిగే. నేను బడికి పోవాలి. అందరం కలిసి తినాలన్నప్పుడు అందరం కలిసి చేయాలని అడిగాను. మామయ్య గారు కాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి పొయ్యి రాజేయడం, నీళ్లు తోడడం ఆయన పని. తిన్నాక పళ్లేలు తోమడం మా ఆయన, మా పెద్దవాడి పని. మిరప కోతకు వచ్చిన ఆడవాళ్లు తిన్న పళ్లేలు ఆసామి కొడుకు, మనవడు తోముతుంటే, ఆ ఆడవాళ్లే మొదట ఒప్పుకోలేదు. "అయ్యా, మాకు పాపం చుట్టుకుంటది" అని గిన్నెలు లాక్కునేవాళ్లు. కొన్నాళ్లకు అలవాటైంది. పెద్దవాడికి ఇప్పటికీ గిన్నెలు తోమడం చేతనవును. దాన్ని ఆదర్శమని వాడెప్పుడూ చెప్పుకోడు, పొద్దున లేస్తే చేసే పనుల్లో అదొకటి, అంతే.

జాషువా గారి ఫిరదౌసిలో కష్టం కూలి సంగతే కదా. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చిన గజనీ సుల్తాను, కావ్యం పూర్తయ్యాక వెండి చేతిలో పెట్టాడు. ఆ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు సుల్తానును తిట్టేవాళ్లు. పదోతరగతి పిల్లల్ని నేను అడిగేదాన్ని: మీ ఇంట్లో కోతకు ముందు ఎంత కూలి అన్నారు, కోత అయ్యాక ఎంత ఇచ్చారు? తరగతి నిశ్శబ్దమైపోయేది. మిర్చి రేటు మా చేతిలో ఉండదు. 2023లో క్వింటా ఇరవై వేలు దాటి పలికిన కాయ, 2025లో పడిపోయి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ ధరకు కోత కూలి, మందులు, కౌలు పోను చేతిలో మిగిలేది లేదు. అలాంటి ఏడాదే మేస్త్రిని పిలిచి "ఈసారి కాస్త తగ్గించుకోండి" అనే మాట రైతు నోటికి వస్తుంది. రైతు బాధ నాకు తెలుసు, నేనూ రైతు ఇంటి మనిషినే. ఆ ఏడాది మా ఇంట్లో గేదెను అమ్మి ముఠాకు అన్న కూలి అన్నట్టే ఇచ్చాం. ఇచ్చినది మా మనవరాలి చేతిమీదుగా. లెక్క పుస్తకంలో పేరు చదివి, నోట్లు లెక్కపెట్టి, రెండు చేతులతో ఇవ్వడం ఆ పిల్ల పని. "తాతయ్యా, మనకు నష్టమొస్తే వాళ్లకు తక్కువిస్తే పోలా?" అని అడిగింది. మా ఆయన, "రేటు పెరిగిన ఏడాది వాళ్లకు ఎక్కువిచ్చామా అమ్మా?" అన్నారు. పిల్లలకు నీతి చెప్పే పద్ధతుల్లో ఇది మంచిదని నా నమ్మకం. డబ్బు చేతులు మారే చోట వాళ్లను పక్కన నిలబెట్టాలి.

అన్నం, నీళ్లు, పిలుపు, కూలి, ఇంతదాకా చాలా ఇళ్లు రాగలవు. పెళ్లి దగ్గర ఆగిపోతాయి. ఇంట్లో అందరికీ ఒకే గ్లాసులో నీళ్లిచ్చే పెద్దమనిషే కూతురు ఫలానా అబ్బాయిని చేసుకుంటానంటే మంచం పడతాడు. దీన్ని దాటడానికి గోరా గారి ఇల్లు ఒక దారి చూపించింది: వాళ్లు పరీక్ష వచ్చేదాకా ఆగలేదు, ముందే ప్రకటించి పెట్టుకున్నారు. మేమూ పిల్లలు డిగ్రీలో ఉండగానే, ఏ సంబంధమూ ఎదురుగా లేని రోజుల్లోనే, కులం అడ్డం పెట్టమని చెప్పాం. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు చెబితే అది ఆ మనిషి మీద తీర్పు అవుతుంది. ముందే చెబితే ఇంటి మాట అవుతుంది. పెద్దవాడు మా కులంలోనే చేసుకున్నాడు. చిన్నవాడు వేరే కులం అమ్మాయిని చేసుకున్నాడు. వినుకొండలో చేసిన విందులో మేస్త్రి కుటుంబం మొదటి బంతిలో, మా వియ్యంకుల పక్కన కూర్చుంది. ఆ బంతిలోంచి లేచిపోయినవాళ్లు కొందరున్నారు. వాళ్ల విస్తళ్లు తీయించి అక్కడే ఇంకొకరిని కూర్చోబెట్టాం.

హేమలత గారి దగ్గరికి మళ్లీ వస్తాను. ఎందుకంటే ఇంటి విలువ గడప దాటకపోతే సగమే అని నాకు నేర్పింది ఆవిడే. పుట్టిల్లు అంటరానితనాన్ని అనుభవించి ఎదిరించిన ఇల్లు. మెట్టినిల్లు దాన్ని ఆచరణలో తెంచిన ఇల్లు. ఈ రెండూ ఉన్న మనిషి హాయిగా పటమటలో సభలు పెట్టుకుంటూ బతకొచ్చు. ఆవిడ 1970లలో స్టూవర్టుపురం వెళ్లారు. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను 1913లో సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో స్థిరపరచిన ఊరది. చట్టం పోయినా ముద్ర పోలేదు. ఊరి పేరు చెబితే దొంగలనే అనేవాళ్లు. హేమలత, లవణం గార్లు ఆ ఇళ్లలోకి వెళ్లారు. జైళ్లలో ఉన్న మగవాళ్లతో, ఇళ్లలో మిగిలిన ఆడవాళ్లతో, పిల్లలతో మాట్లాడారు. సంస్కార్ అనే సంస్థ ద్వారా ఆ పని ఏళ్ల తరబడి చేశారు. తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగిని ఆచారం మీద పనిచేశారు. దేవుడి పేరుతో ఊరికి వదిలేసిన దళిత ఆడపిల్లలకు పెళ్లిళ్లు, బతుకుతెరువు చూపించడానికి తిరిగారు. దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్రంలో చట్టం రావడం వెనక ఇలాంటి కృషి ఉంది. వర్నిలో ఆ పిల్లల కోసం పెట్టిన ఇంటికి చెల్లి నిలయం అని పేరు. ఇంట్లో నేర్చిన వరసను ఊరంతటికీ ఇచ్చేశారు. చేరదీసినవాళ్లు బాధితులు కారు, చెల్లెళ్లు.

ఆవిడ తండ్రి గురించి "మా నాన్నగారు" అని పుస్తకం రాశారు. 2008లో కన్నుమూశారు. జాషువా జయంతి నాడు వేదిక మీద హేమలత గారి పేరు కూడా చదవాలని మా ఊరి పెద్దలను నేను అడుగుతూనే ఉన్నాను. ఆడపిల్లల బళ్లలో ఆవిడ కథ పాఠంగా ఉండాలి.

మా చిన్నవాడు హైదరాబాదులో పెద్ద అపార్ట్‌మెంటులో ఉంటాడు. అక్కడ చూరులో సత్తు గ్లాసు లేదు, దోసిలి లేదు. పనిమనుషులకు వేరే లిఫ్టు ఉంది. పెద్ద లిఫ్టు ఎక్కితే వాచ్‌మన్ వచ్చి దింపేస్తాడు. కొన్ని ఫ్లాట్లలో పనమ్మాయి టీ తాగే కప్పు సింకు కింద విడిగా ఉంటుంది. చదువుకున్నవాళ్లు, అమెరికా వెళ్లి వచ్చినవాళ్లు ఉండే ఇళ్లవి. అక్కడ కులం మాట ఎవరూ ఎత్తరు, పరిశుభ్రత అంటారు, సెక్యూరిటీ అంటారు. మా కోడలికి ఇది సహించలేదు. తన ఇంట్లో కప్పులన్నీ కలిపే పెట్టింది, అది చేయడం ఆమె చేతిలో పని. లిఫ్టు ఆమె చేతిలో లేదు. అందుకని పనమ్మాయి వచ్చే వేళకు తానే కిందికి దిగి, ఆమెను వెంటబెట్టుకుని పెద్ద లిఫ్టులో పైకి వస్తోంది. వాచ్‌మన్ ఏమీ అనలేక చూస్తాడు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రెండు ఫిర్యాదులు వచ్చాయట.

వచ్చే నెల వాళ్ల జనరల్ బాడీ మీటింగు ఉంది. లిఫ్టు నిబంధన తీసేయాలని తీర్మానం పెడతానని కోడలు నోటీసు ఇచ్చింది. బలపరుస్తూ సంతకం పెట్టినవాళ్లలో ఎనిమిదో అంతస్తు మాస్టారు ఒకరు, కిందింటి ముస్లిం దంపతులు, మా వాడు. ఇంకా కొన్ని సంతకాలు కావాలి. మొన్న ఫోన్ చేసి, "అత్తయ్యా, మీరు ఆ వారం ఇక్కడికే వచ్చేయండి, గడపగడపకూ కలిసి తిరుగుదాం" అంది. మిరప రెండో కోత ఉంది, మా ఆయన, పెద్దవాడు చూసుకుంటామన్నారు. టికెట్టు తీసుకున్నాను.